లేతపాకం విస్కీ

“ఏటి మావా, తొమ్మిది నెల్ల సారాకి ఇన్ని డాలర్లేటి?”

అమెరికా నుంచి సెలవుకొచ్చిన మేనమామ సంచిలోంచి పొట్టి సీసా ఒకటి తీస్తే, చోడవరం వైపు ఏ ఇంట్లోనైనా వచ్చే ప్రశ్నే ఇది. సీసా మీద పెద్దక్షరాల్లో బర్బన్ అని, అంటే మొక్కజొన్నతో చేసిన అమెరికా విస్కీ అని, ఉంటుంది. దాని కింద చిన్నక్షరాల్లో, పీపాలో తొమ్మిది నెలలు ఉంచినట్టు రాసి ఉంటుంది. పేరున్న కంపెనీ కాదు, ఎక్కడో పల్లెటూళ్లో నలుగురైదుగురు కలిసి నడిపే చిన్న బట్టీ సరుకు. ధర చూస్తే మాత్రం పెద్ద కంపెనీల పన్నెండేళ్ల విస్కీతో పోటీపడుతుంది. పాతబడేకొద్దీ విస్కీకి విలువ పెరుగుతుందని అందరూ అనుకుంటారు. అలాంటప్పుడు ఏడాది కూడా నిండని సరుకును అంత డబ్బు పోసి కొనడమెందుకు? ఊళ్లో రాత్రికి రాత్రి కాచి దించే నాటుసారాకీ దీనికీ అసలు తేడా ఏమిటి?

ప్రశ్న వేళాకోళంగానే అడిగినా, లోపల చాలా రసాయనశాస్త్రం ఉంది. అది అడగడానికి చోడవరం కన్నా తగిన చోటు కూడా లేదు. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండి ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ ప్రాంతం చెరకు మీద బతికింది. పక్కనే గోవాడ సహకార చక్కెర కర్మాగారం, కాస్త దూరంలో దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన అనకాపల్లి. ఇక ‘బెల్లం ఊట ధ్వంసం’ అన్న వార్త జిల్లా పేజీల్లో కనిపించని నెల ఉండదు.

విషయంలోకి వెళ్లే ముందు ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1988లోనే మద్య పానీయాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పీపాలో ఎన్నేళ్లు ఉంచినా ఆ వర్గం మారదు. ఇక్కడి చర్చ రుచి ఎలా పుడుతుందన్న దాని గురించే.

ఊట దాకా తేడా తక్కువే

ఏ మద్యానికైనా మొదలు తీపి. ఈస్ట్ అనే కంటికి కనిపించని జీవి చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. బెల్లం నీళ్లలో కలిపి కుండలో పెడితే రెండు మూడు రోజుల్లో బుడగలు లేచేది అందుకే. బెల్లంలో చక్కెర సిద్ధంగా ఉంది కాబట్టి ఈస్ట్‌కు వేరే సాయం అక్కర్లేదు.

మొక్కజొన్నతో అలా కుదరదు. గింజలో ఉన్నది పిండి పదార్థం. పిండి అంటే చక్కెర అణువులు గొలుసులా అల్లుకుపోయిన రూపం. ఈస్ట్ ఆ గొలుసును తెంచలేదు. అందుకని మొక్కజొన్న రవ్వను నీళ్లలో బాగా ఉడికించి, వేడి 65 డిగ్రీల దగ్గరకు దిగాక మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అంటే మాల్టును, కలుపుతారు. మొలక తన తిండి కోసం తయారుచేసుకున్న ఎంజైములు మొక్కజొన్న పిండిని కూడా ముక్కలు చేసి చక్కెరగా మారుస్తాయి. గంటా రెండు గంటల్లో చప్పటి జావ తియ్యబడుతుంది. దాన్ని చల్లార్చి ఈస్ట్ వేస్తే మూడు నుంచి అయిదు రోజుల్లో పులిసిన ఊట తయారు. అందులో ఆల్కహాలు ఎనిమిది, పది శాతం ఉంటుంది.

ఇక కాచడం. ఇక్కడే నాటుసారా బట్టీకీ, శ్రద్ధ ఉన్న చిన్న డిస్టిలరీకీ మొదటి తేడా వస్తుంది. ఊటను మరిగిస్తే ఆవిరి ఒకేలా రాదు. ముందు దిగే ధారలో అసిటాల్డిహైడ్, ఇథైల్ అసిటేట్ లాంటి తేలిక పదార్థాలు ఎక్కువ. గోళ్ల రంగు తుడిచే ద్రావకం వాసన వాటిదే. నడిమి ధార శుభ్రంగా ఉంటుంది. చివరి ధారలో ఫ్యూజల్ నూనెలనే బరువైన ఆల్కహాళ్లు, తడి కుక్క వాసన కొట్టే ఆమ్లాలు దిగుతాయి. మొదటిదీ చివరిదీ తీసేసి నడిమి ధారను ఎక్కడ పట్టాలో, ఎక్కడ ఆపాలో తెలిసినవాడే మంచి పనివాడు. బట్టీ రాగిదైతే ఇంకో లాభముంది. కుళ్లిన గుడ్డు వాసనకు కారణమైన గంధకపు పదార్థాలను వేడి రాగి పట్టేసుకుంటుంది. తుప్పు పట్టిన ఇనుప డ్రమ్ముకు, ప్లాస్టిక్ గొట్టానికి ఆ గుణం లేదు.

మొదటి ధార పారబోస్తే సారాలో విషం పోతుందని ఒక నమ్మకం ఉంది. అది సగం నిజం కూడా కాదు. కళ్లు పోగొట్టే మిథనాల్ మొదటి ధారలోనే కాదు, కాస్తున్నంతసేపూ కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది. బెల్లం ఊటలో మిథనాల్ పుట్టేదే బహు తక్కువ. కల్తీ సారా చావుల్లో చాలావాటికి కారణం, కిక్కు కోసం పరిశ్రమల్లో వాడే మిథనాల్‌ను దొంగతనంగా కలపడం. ఎవరు ఏ ధార పారబోశామని చెప్పినా ఆ కల్తీకి విరుగుడు లేదు. ఇంటి దగ్గర కాచడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం కూడాను.

చెరకు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. టన్ను చెరకు ఆడిస్తే చక్కెర పోను 40, 45 కిలోల మొలాసిస్ మిగులుతుంది. టన్ను మొలాసిస్‌ను పులియబెట్టి కాస్తే 220 లీటర్లకు తక్కువ కాకుండా ఆల్కహాలు వస్తుంది. మన దేశంలో దశాబ్దాలపాటు చవకగా అమ్ముడుపోయిన ‘విస్కీ’లో పెద్ద భాగం ఈ ఆల్కహాలే. దానికి కాస్త మాల్టు, రంగు, సువాసన చేరుస్తారు. యూరప్ చట్టం దీన్ని విస్కీ అని ఒప్పుకోదు. ధాన్యంతో చేసి, కనీసం మూడేళ్లు చెక్క పీపాలో ఉంచితేనే అక్కడ విస్కీ. ఆ లెక్కన చూస్తే మన వైన్‌షాపులో దొరికే అలాంటి సీసాలు చెరకు పొలాల సరుకు. బంధుత్వం చూస్తే రమ్ముకు దగ్గర.

కాలిన చెక్క ఏం చేస్తుంది?

బట్టీ నుంచి దిగిన ద్రవానికి రంగు ఉండదు, నీళ్లలా ఉంటుంది. బర్బన్ రంగంతా పీపా నుంచే వస్తుంది, రుచిలో కూడా సగానికి పైగా పీపాదే.

బర్బన్‌కు అమెరికా చట్టం గీసిన గీతలు సూటిగా ఉంటాయి. ధాన్యంలో 51 శాతానికి తగ్గకుండా మొక్కజొన్న ఉండాలి. కాచినప్పుడు 80 శాతం ఆల్కహాలు దాటకూడదు. పీపాలో పోసేటప్పటికి 62.5 శాతం మించకూడదు. పీపా ఓక్ చెక్కదై ఉండాలి, కొత్తదై ఉండాలి, లోపల నిప్పుతో కాల్చి ఉండాలి. రంగు గానీ సువాసన గానీ కలపకూడదు. ఇన్ని నిబంధనల్లోనూ వయసు మాట లేదు. పీపాలో పోసి వెంటనే తీసినా చట్టం దృష్టిలో అది బర్బనే. ‘స్ట్రెయిట్’ అన్న విశేషణం కావాలంటే మాత్రం రెండేళ్లు ఆగాలి. చిన్న బట్టీల వాళ్లు తొమ్మిది నెలలకే సీసాకెత్తగలగడం ఈ వెసులుబాటు వల్లే.

పీపా లోపల మంట పెట్టడం ఒక నిమిషం లోపు పని. బాగా ఘాటుగా కాల్చే రకానికైనా 55 సెకన్లు చాలు. లోపలి గోడ బొగ్గవుతుంది, పగుళ్లు బారుతుంది. ఆ బొగ్గు వెనక రెండు మూడు మిల్లీమీటర్ల మందాన ఎర్రటి పొర ఒకటి ఏర్పడుతుంది. అసలు ఖజానా అదే. చెక్కలో హెమీసెల్యులోజ్ అనే పదార్థం వేడికి విరిగి చక్కెరలుగా, ఆ చక్కెరలు మాడి కారమెల్‌గా మారతాయి. చెక్కకు గట్టితనమిచ్చే లిగ్నిన్ విరిగితే వెనిల్లిన్ వస్తుంది. ఐస్‌క్రీమ్‌లో వెనిలా వాసనకు కారణమైన అణువు ఇదే. ఓక్‌లోనే సహజంగా ఉండే లాక్టోన్ అనే నూనెలాంటి పదార్థం కొబ్బరి వాసనిస్తుంది. టానిన్లు వగరునిస్తాయి. పైనున్న బొగ్గు పొర మాత్రం ఇచ్చేది కాదు, పుచ్చుకునేది. రాగికి చిక్కకుండా వచ్చిన గంధకపు వాసనలను అది పీల్చేస్తుంది.

అమెరికా తెల్ల ఓక్‌నే ఎందుకు వాడతారంటే, దాని నాళాల్లో సహజంగానే అడ్డుపొరలు పెరిగి మూసుకుపోతాయి. అందువల్ల పీపా కారదు. కానీ గాలి మాత్రం చెక్కలోంచి నెమ్మదిగా లోపలికి జొరబడుతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్ ఆల్కహాలులో కొంత భాగాన్ని అసిటాల్డిహైడ్‌గా, తర్వాత ఆమ్లంగా మారుస్తుంది. ఆమ్లమూ ఆల్కహాలూ కలిసి ఎస్టర్లవుతాయి. పండ్ల వాసనలన్నీ ఎస్టర్లవే. చెక్కలోంచి రంగూ వెనిలా దిగడం ఒక పని, గాలితో కలిసి ఎస్టర్లు పుట్టడం ఇంకో పని. మొదటిది త్వరగా జరుగుతుంది. రెండోదానికి ఏళ్లు పడుతుంది. లేత బర్బన్ కథ మొత్తం ఈ రెంటి మధ్య ఎడం మీదే నడుస్తుంది.

ఈ మార్పులను తొలినాళ్లలో శాస్త్రీయంగా కొలిచినవారు క్రాంప్టన్, టోల్మన్ అనే ఇద్దరు అమెరికా ప్రభుత్వ రసాయన శాస్త్రవేత్తలు. గోదాముల్లోని పీపాలను ఎనిమిదేళ్లపాటు ఏటేటా పరీక్షించి 1908లో ఫలితాలు ప్రచురించారు. రంగు, ఆమ్లాలు, ఎస్టర్లు మొదటి మూడు నాలుగేళ్లలోనే చకచకా పెరిగి, తర్వాత నెమ్మదిస్తాయని తేలింది. ఇంకో సంగతి అప్పటివారిని ఆశ్చర్యపరిచింది. పాతబడితే ఫ్యూజల్ నూనెలు మాయమవుతాయని అందరూ నమ్మేవారు. అవి ఎక్కడికీ పోవడం లేదు. పైగా నీరూ ఆల్కహాలూ ఆవిరవుతుంటే మిగిలినదాంట్లో వాటి పాలు పెరుగుతోంది. మొరటుతనం పోయిందనిపించడానికి కారణం మొరటు పదార్థాలు పోవడం కాదు, వాటి చుట్టూ వేరే రుచులు వచ్చి చేరడం.

చిన్న పీపా, పెద్ద తొందర

పెద్ద కంపెనీకి ఓపిక ఉంటుంది, గోదాములుంటాయి, బ్యాంకు అప్పు పుడుతుంది. కొత్తగా బట్టీ పెట్టినవాడికి నాలుగేళ్లపాటు రూపాయి రాబడి లేకుండా కూర్చోవడం కుదరదు. అమెరికాలో ఇప్పుడు చిన్న డిస్టిలరీలు రెండు వేలకు పైనే ఉన్నాయి. అన్నిటిదీ ఇదే బాధ. దానికి చాలామంది కనిపెట్టిన ఉపాయం చిన్న పీపా.

లెక్క సులువే. మామూలు బర్బన్ పీపాలో 200 లీటర్లు పడుతుంది. అయిదు గ్యాలన్ల పీపాలో 19 లీటర్లే. పాత్ర చిన్నదయ్యేకొద్దీ లోపలి సరుకు తగ్గినంతగా గోడ తగ్గదు. 19 లీటర్ల పీపాలో ప్రతి లీటరుకూ తగిలే చెక్క పెద్ద పీపాలో కన్నా రెండింతలు దాటుతుంది. కాబట్టి రంగు, వెనిలా, వగరు నెలల్లోనే దిగిపోతాయి.

న్యూయార్క్ రాష్ట్రంలో గార్డినర్ అనే ఊళ్లో టుథిల్‌టౌన్ డిస్టిలరీ ఈ దారి పట్టి పేరు తెచ్చుకుంది. 1920లో మొదలైన అమెరికా మద్యనిషేధం తర్వాత ఆ రాష్ట్రంలో విస్కీ కాచిన మొదటి బట్టీ అదే. స్థానిక మొక్కజొన్నతో చేసిన తమ సరుకుకు ‘హడ్సన్ బేబీ బర్బన్’ అని పేరు పెట్టుకుని, లేతదనాన్ని దాచకుండా సీసా మీదే చాటారు. గోదాములో రాత్రిళ్లు స్పీకర్లు పెట్టి దడదడలాడే సంగీతం వినిపించేవారు. ఆ అదురుకు ద్రవం కదిలి చెక్కతో ఎక్కువ కలుస్తుందని వారి ఆలోచన. అది ఎంతవరకు పనిచేసిందో ఏమో గానీ, ప్రచారం మాత్రం భలే పనిచేసింది. 2010లో స్కాట్లాండ్ కంపెనీ విలియం గ్రాంట్ అండ్ సన్స్ ఆ బ్రాండును కొనేసింది.

కెంటకీలోని బఫెలో ట్రేస్ కంపెనీ ఇదే ఉపాయాన్ని నింపాదిగా పరీక్షించి చూసింది. ఒకే రకం సరుకును అయిదు, పది, పదిహేను గ్యాలన్ల పీపాల్లో పోసి, పక్కపక్కన పెట్టి ఆరేళ్లు ఉంచింది. 2012లో ఫలితం ప్రకటించింది: ప్రయోగం విఫలం. రంగు ముదిరింది, పొగ, చెక్క రుచి దండిగా దిగింది, పాత విస్కీకి ఉండే నిండుతనం మాత్రం రాలేదు. అన్నిట్లోకీ అయిదు గ్యాలన్లదే అధ్వానం. తన వైఫల్యాన్ని తానే చాటిన కంపెనీ కనుక ఈ మాటను నమ్మవచ్చు.

అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్లకు ఇదేమీ కొత్తగా అనిపించదు. పెనంలో చెరకు రసం మరుగుతున్నప్పుడు తొందరపడి పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తే రంగు ఇట్టే ముదురుతుంది. చూసేవాడికి పాకం వచ్చేసినట్టే ఉంటుంది. కానీ లోపల నీరు ఇంకా ఉంటుంది, అడుగు మాత్రం మాడుతుంది. వండే మనిషి రంగు చూసి దించడు. నీళ్ల గిన్నెలో పాకం చుక్క వేసి, వేళ్ల మధ్య ఉండ కడుతోందా, జారిపోతోందా అని చూస్తాడు. ఉండ కడితేనే దించి దిమ్మలు పోస్తాడు. చిన్న పీపాలో తొమ్మిది నెలలున్న బర్బన్ మంట పెంచి ముదిరించిన రసం లాంటిది. రంగు వచ్చింది, పాకం రాలేదు. నిపుణుడైన పనివాడు ఇది తెలిసే మంటను అదుపులో పెడతాడు. పీపాను తక్కువ కాలుస్తాడు, నడిమి ధారను ఇంకా బిగించి పడతాడు, కొన్నాళ్లయ్యాక సరుకును చిన్న పీపాలోంచి పెద్ద పీపాలోకి మారుస్తాడు. లేత సరుకుల్లో బాగున్నవన్నీ ఇలాంటి చేతుల మీదుగా వచ్చినవే.

బెంగళూరులో ఏడాది, స్కాట్లాండ్‌లో ఏడాది

వేడి పెరిగితే రసాయన చర్యల వేగం పెరుగుతుంది. చలిలో మూడేళ్లు పట్టేది ఎండలో ఏడాదిలో అవుతుందా? కొంత అవుతుంది. దానికి ఖరీదు కట్టాలి. స్కాట్లాండ్ గోదాముల్లో ఏటా రెండు శాతం సరుకు చెక్కలోంచి ఆవిరైపోతుంది. అక్కడివాళ్లు దాన్ని ముద్దుగా దేవదూతల వాటా అంటారు. కెంటకీలో అది మూడు నుంచి అయిదు శాతం. బెంగళూరులో 1948లో మొదలైన అమృత్ డిస్టిలరీస్ లెక్క ప్రకారం వాళ్ల దగ్గర 10 నుంచి 12 శాతం.

2004లో అమృత్ తమ సింగిల్ మాల్టు విస్కీని మొదట స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో విడుదల చేసింది. కొల్లేరువాడికి చేపలమ్మినట్టే. తర్వాత 2013లో ఎనిమిదేళ్ల సరుకు ఒకటి ‘గ్రీడీ ఏంజెల్స్’ పేరుతో తెచ్చింది. అంటే అత్యాశ దేవదూతలని. ఎనిమిదేళ్లలో పీపాల్లోని సరుకులో నాలుగింట మూడు వంతులు గాలిలో కలిసిపోయాయి మరి. ఇరవై ఏళ్లు ఉంచితే పీపాలో చెక్క వాసన తప్ప ఏమీ మిగలదు. అందుకే మన దేశపు మంచి మాల్టు విస్కీలు చాలావరకు నాలుగైదేళ్లవే, వయసు చెప్పకుండానే సీసాకెత్తుతారు. ఆ పీపాల్లో చాలావరకు బర్బన్ నింపి ఖాళీ చేసినవే. బర్బన్‌కు ప్రతిసారీ కొత్త పీపా కావాలి కాబట్టి వాడినవి స్కాట్లాండ్‌కూ బెంగళూరుకూ ఓడల్లో చేరతాయి.

తేమ సంగతి ఇంకోటి. గాలి పొడిగా ఉంటే పీపాలోంచి నీరు ఎక్కువగా పోయి సరుకు ఘాటెక్కుతుంది. గాలి తడిగా ఉంటే నీరు కదలదు, ఆల్కహాలు పోయి సరుకు పలచబడుతుంది. స్కాట్లాండ్‌లో ఘాటు తగ్గడం, కెంటకీ గోదాముల పై అంతస్తుల్లో పెరగడం ఇందుకే. చోడవరం నుంచి సముద్రం దూరం కాదు. ఏడాదిలో చాలా నెలలు వేడీ ఉక్కా రెండూ ఉంటాయి. ఇక్కడ ఎవరైనా ఓక్ పీపాలు పేరిస్తే అవి త్వరగా రంగెక్కుతాయి, త్వరగా ఖాళీ అవుతాయి, ఘాటు కూడా నిలవడం కష్టమే. పెట్టుబడి పెట్టేవాడు రెండుసార్లు ఆలోచించాల్సిన చోటు.

చిత్తూరులో వయసు పొలంలోనే

పీపాలో కాకుండా ఇంకో చోట కూడా సరుకుకు వయసు రావచ్చని చూపిన చిన్న బట్టీ ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. డెస్మండ్ నజరెత్ అనే మద్రాసు ఐఐటీ పట్టభద్రుడు చిత్తూరు జిల్లాలో అగావె ఇండియా పేరుతో డిస్టిలరీ పెట్టి, 2011లో గోవా మార్కెట్లోకి సరుకు తెచ్చాడు. ముడిసరుకు కిత్తనార. రాయలసీమలో పొలాల గట్ల మీద, రైలు పట్టాల పక్కన ముళ్ల కంచెలా పెరిగే మొక్క. మెక్సికోవాళ్లు టెకీలా చేసే నీలి కిత్తనారకు ఇది దగ్గరి చుట్టం. పేరు మాత్రం టెకీలా అనడానికి వీల్లేదు, ఆ పేరు మెక్సికో హక్కు. 2018లో ఆయన ఇప్పపూలతో చేసిన సరుకును కూడా గోవాలో అమ్మకానికి పెట్టాడు. మన్యంలో ఇప్పసారా తెలియని ఊరు లేదు, దానికి లేబులు, లైసెన్సు ఉన్న రూపం ఇది.

కిత్తనార పూత వేయడానికి పదేళ్ల దాకా పడుతుంది. అన్నేళ్లూ నడిమి దుంపలో చక్కెరలు కూడబెట్టుకుంటూ ఉంటుంది. పూతకు ముందు ఆ దుంపను నరికి, ఉడికించి, పిండి, పులియబెట్టి కాస్తారు. చెరకుకు 10, 12 నెలలు, మొక్కజొన్నకు నాలుగు నెలల్లోపే. కాబట్టి సరుకు వయసు చెప్పేటప్పుడు పీపాలో ఎన్నేళ్లన్నది ఒక్కటే అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు.

గ్లాసు దగ్గర

లేత బర్బన్‌ను పరీక్షగా రుచి చూడాలంటే మూతి కాస్త సన్నగా ఉన్న గ్లాసులో 20, 30 మిల్లీలీటర్లు చాలు. సోడా, కూల్‌డ్రింకు పోస్తే పరీక్ష అక్కడితో సరి.

ముందు రంగు. బర్బన్‌లో రంగు కలపడం నిషేధం కాబట్టి కనిపించేదంతా పీపాదే. స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి అనుమతి ఉంది. కన్నును మోసగించడం అనకాపల్లి మార్కెట్‌కు తెలియనిది కాదు. అక్కడ లేత పసుపు బెల్లానికి ధర ఎక్కువ కాబట్టి కొందరు హైడ్రోస్ అనే రసాయనం కలిపి బెల్లాన్ని తెల్లబరుస్తారు. విస్కీలో ముదురు రంగుకు గిరాకీ, బెల్లంలో లేత రంగుకు. రెండు చోట్లా రంగు రుచి చెప్పదు. చిన్న పీపా బర్బన్ ఆరు నెలలకే పాత రాగి చెంబు రంగుకొస్తుంది.

తర్వాత వాసన. గ్లాసును ముక్కుకు ఆనించకుండా, నోరు కాస్త తెరిచి పీల్చాలి. లేత సరుకులో మొదట తగిలేది ధాన్యం. పొత్తు ఉడికిన కుండ మూత తీసినప్పటి వాసన. దాని వెనక పచ్చి ఆపిల్ లాంటిది అసిటాల్డిహైడ్. గోళ్ల రంగు ద్రావకం గుప్పుమంటే మొదటి ధారను సరిగా కోయలేదన్నమాట. కోత మిల్లులో పచ్చి రంపపు పొట్టు వాసన వస్తే చిన్న పీపా పని. వెనిలా, కొబ్బరి వీటన్నిటి కింద పలచగా ఉంటాయి.

గుక్క వేస్తే మంట. ఆ మంట ఊహ కాదు. మిరపకాయ కారాన్ని పసిగట్టే నాడీ గ్రాహకమే ఆల్కహాలుకూ స్పందిస్తుంది. మామూలుగా 42 డిగ్రీల వేడి తగిలితేనే అది మెదడుకు ‘కాలుతోంది’ అని కబురంపుతుంది. ఆల్కహాలు సమక్షంలో ఆ గీత 34 డిగ్రీలకు పడిపోతుందని 2002లో ఒక పరిశోధన చూపింది. నోటి వేడి అంతకన్నా ఎక్కువే. అంటే మన నోరే మనల్ని కాలుస్తున్నట్టు మెదడు అనుకుంటుంది.

అప్పుడు చెంచాడు నీళ్లు కలపాలి. స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ 2017లో కంప్యూటర్ నమూనాలతో దీని వెనక సంగతి చూశారు. విస్కీలో పొగ వాసనకు కారణమైన గుయకాల్ అణువు, ఆల్కహాలు 45 శాతం లోపు ఉన్నప్పుడు ద్రవం పైపొర దగ్గర చేరుతుంది. 59 శాతం దాటితే లోపలికి మునిగిపోతుంది. నీళ్లు పోస్తే వాసన పైకి తేలి ముక్కుకు అందుతుంది. పీపా ఘాటుతోనే సీసాకెత్తిన చిన్న బట్టీ సరుకుల్లో ఈ తేడా ఇట్టే తెలుస్తుంది.

నీళ్లు కలిపాక ధాన్యం తీపి నిలిచి, చివర వగరు నాలుకను పిండకుండా దిగితే అది లేతదైనా మంచి సరుకు. మొక్కజొన్న రుచిని ఇంత నేరుగా చూపడం పన్నెండేళ్ల విస్కీ వల్ల కాదు, అందులో చెక్క అప్పటికే ధాన్యాన్ని కప్పేసి ఉంటుంది. నీళ్లు పోసిన కొద్దీ రంపపు పొట్టు, చేదు మాత్రమే మిగిలితే డబ్బు పీపాకే పోసినట్టు. నాటుసారాతో పోల్చి అడిగిన మేనల్లుడి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. కోత సరిగా పడి, రాగి తన పని చేసి, కాలిన చెక్క కొన్ని నెలలైనా తాకిన సరుకు నాటుసారా కాదు. అలాగని అది పాత విస్కీ కూడా కాదు. పాత విస్కీ ధర పెట్టి కొనడానికి మాత్రం న్యాయం కనిపించదు. ఆ ధరలో ఎక్కువ భాగం చిన్న బట్టీ కరెంటు బిల్లు, పీపా ఖర్చు, అందమైన సీసా.

అమెరికా నుంచి ఎవరైనా తెస్తామంటే సీసా ముందు భాగం కాదు, వెనక భాగం ఫొటో పంపమనండి. అక్కడి చట్టం ప్రకారం నాలుగేళ్లు నిండని విస్కీ మీద వయసు రాసి తీరాలి, అది ముందు లేకపోతే వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది. ‘డిస్టిల్డ్ బై’ అని ఉందో, ‘బాటిల్డ్ బై’ అని మాత్రమే ఉందో కూడా చూడండి. ఇండియానా రాష్ట్రం లారెన్స్‌బర్గ్‌లో ఎంజీపీ అనే కంపెనీకి ఉన్న భారీ డిస్టిలరీలో సరుకు కొని, తమ లేబులు అంటించుకునే ‘చిన్న బట్టీలు’ అమెరికాలో చాలానే ఉన్నాయి.